గేమ్‌లో డ్రిఫ్టింగ్: మొదటి వలయం నుంచి వరుస మలుపుల దాకా

డ్రిఫ్ట్ అంటే మలుపులో కారు తోకను, అంటే వెనక భాగాన్ని, కావాలనే పక్కకు జార్చి అలాగే నడపడం. దాన్ని నేర్చుకోవడం మొదలుపెట్టినవాళ్ల దృష్టంతా స్టీరింగ్ మీదే ఉంటుంది. కారు గిర్రున తిరిగిపోతే స్టీరింగ్ ఆలస్యమైందనుకుంటారు, జారకుండా నేరుగా పోతే సరిగ్గా తిప్పలేదనుకుంటారు. కానీ తోక ఒకసారి జారాక కారు ఎంత కోణంలో నిలవాలి, మలుపులో లోపలికి రావాలా బయటికి పోవాలా అన్నది ఎక్కువగా తేల్చేది యాక్సిలరేటర్. పెడళ్లు వాడేవాళ్లకు అది కుడి పాదం, కంట్రోలర్ వాడేవాళ్లకు ట్రిగ్గర్ (కంట్రోలర్ వెనక ఉండే మీట) నొక్కే కుడి చూపుడువేలు. ఈ మార్గదర్శిలో చెప్పే అభ్యాసాలన్నీ ఆ పాదానికో ఆ వేలికో శిక్షణ ఇవ్వడానికే.

ఫోర్జా హొరైజన్, గ్రాన్ టురిస్మో, అసెట్టో కోర్సా, కార్‌ఎక్స్ డ్రిఫ్ట్ రేసింగ్ ఆన్‌లైన్ లాంటి ఏ గేమ్‌కైనా ఇవి పనికొస్తాయి. మెనూలో పేర్లు కొంచెం అటూ ఇటూ ఉంటాయి, పద్ధతి మారదు.

టైరు దగ్గర ఏం జరుగుతోంది

టైరు పట్టుకు ఒక హద్దుంది. కారును ముందుకు తోయడానికీ, బ్రేకు వేసినప్పుడు ఆపడానికీ, మలుపులో పక్కకు జారకుండా నిలబెట్టడానికీ ఆ ఒక్క పట్టే సరిపోవాలి. మలుపులో ఉండగా యాక్సిలరేటర్ గట్టిగా నొక్కితే వెనక చక్రాలు ఆ పట్టులో ఎక్కువ భాగాన్ని తిరగడానికే వాడేస్తాయి. పక్కకు ఆపేందుకు మిగిలేది తక్కువ. అందుకే తోక బయటికి జారుతుంది.

దీన్నిబట్టి మూడు సంగతులు తెలుస్తాయి. చక్రాలు తిరుగుతుండగా ఇంకాస్త నొక్కితే కోణం పెరుగుతుంది, కారు బయటి అంచు వైపు పోతుంది. కొంచెం తగ్గిస్తే వెనక టైర్లు పట్టు పుంజుకుంటాయి, కోణం తగ్గుతుంది, కారు లోపలికి వస్తుంది. ఒక్కసారిగా పూర్తిగా వదిలేస్తే పట్టంతా ఒకేసారి తిరిగొస్తుంది. అప్పుడు ముందు చక్రాలు ఎటు తిరిగి ఉంటే కారు అటు విసిరేసినట్టు దూకుతుంది. గోడకు గుద్దుకోవడాల్లో చాలా వాటికి కారణం ఈ మూడోదే.

కౌంటర్ స్టీర్, అంటే మలుపుకు ఎదురు దిక్కుకు స్టీరింగ్ తిప్పడం సంగతికొస్తే, ముందు చక్రాలు కారు ముక్కు ఎటు చూస్తోందో అటు కాకుండా కారు నిజంగా ఎటు కదులుతోందో అటు చూడాలి. ఎడమ మలుపులో తోక కుడికి జారితే స్టీరింగ్ కుడికి. ఎంత తిప్పాలో లెక్కేసుకోనక్కర్లేదు. మీ కళ్లు మలుపు చివర మీద ఉంటే చేతులు వాటంతటవే సరిగ్గా తిప్పుతాయి. బానెట్ వైపో పక్కనున్న గోడ వైపో చూస్తుంటే ఎప్పుడూ ఆలస్యంగానే తిప్పుతారు.

ముందుగా ఆపేయాల్సినవి

ట్రాక్షన్ కంట్రోల్, స్టెబిలిటీ కంట్రోల్ రెండూ పూర్తిగా ఆఫ్ చేయండి. గ్రాన్ టురిస్మో 7లో ట్రాక్షన్ కంట్రోల్‌ను 0కి తేవాలి. ఏఎస్ఎం (ఆ గేమ్‌లో స్టెబిలిటీ కంట్రోల్ పేరు), కౌంటర్ స్టీర్ సాయం కూడా ఆపాలి. అసెట్టో కోర్సాలో స్టెబిలిటీ కంట్రోల్ శాతంలో ఉంటుంది, దాన్ని 0 చేయాలి. వీటిలో ఏ ఒక్కటి మిగిలినా కారు జారబోయే క్షణంలో గేమే ఇంజిన్ శక్తిని తగ్గించడమో ఒక చక్రానికి బ్రేకు వేయడమో చేస్తుంది. ఎంత నొక్కినా తోక కదలడం లేదని చాలామంది కారును తిట్టుకునేది ఇలాంటి చోటే. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసేది) ఉన్నా ఇబ్బంది లేదు.

గేర్లు మాన్యువల్‌లో ఉండాలి. ఆటోమేటిక్ గేర్ డ్రిఫ్ట్ మధ్యలో పైకి మారితే చక్రాల వేగం పడిపోయి కారు నిటారైపోతుంది, అంటే జారడం మాని నేరుగా పోతుంది. క్లచ్‌తో కూడిన మాన్యువల్ అయితే ఇంకా మంచిది, కానీ మొదటి వారంలోనే దాని జోలికి పోనక్కర్లేదు.

ఫోర్జాలో సిమ్యులేషన్ స్టీరింగ్ అన్న ఎంపిక ఉంది. స్టీరింగ్ వీల్ ఉన్నవాళ్లకు అదే సరైనది. కంట్రోలర్‌తో ఆడేవాళ్లు దానికి ఒక మెట్టు కిందిదానితో మొదలుపెట్టండి. సిమ్యులేషన్‌లో స్టిక్ కదిలినంత వేగంగా ముందు చక్రాలూ కదులుతాయి కాబట్టి చిన్న తడబాటు కూడా స్పిన్ అవుతుంది.

కెమెరా విషయంలో ఎవరి ఇష్టం వారిది. అయితే కారు వెనక నుంచి చూసే కెమెరాలో కోణం స్పష్టంగా కనబడుతుంది, నేర్చుకునేటప్పుడు అది పెద్ద సాయం. లోపలి కెమెరా వాడితే ఫీల్డ్ ఆఫ్ వ్యూ (తెర మీద కనబడే దృశ్యం వెడల్పు) మరీ ఇరుగ్గా ఉండకూడదు. పెద్ద కోణంలో జారుతున్నప్పుడు వెళ్లే దారి పక్క కిటికీలోంచి చూడాల్సి వస్తుంది మరి.

ఏ కారు తీసుకోవాలి

ఇంజిన్ ముందు, తోపు వెనక చక్రాలకు ఉన్న కారు. నిస్సాన్ సిల్వియా ఎస్13, ఎస్14, ఎస్15లలో ఏదైనా, బీఎండబ్ల్యూ ఈ36, మాజ్డా ఆర్ఎక్స్‌-7, టయోటా ఛేజర్ జేజడ్ఎక్స్100 అన్నీ మంచి ఎంపికలే. సిల్వియా, ఛేజర్ రెండింటిలో ఏదని అడిగితే మొదటి కారుగా ఛేజర్ వైపే మొగ్గాలి. పొడవైన వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) ఉన్న కారు నిదానంగా తిరుగుతుంది, సరిదిద్దుకోవడానికి సమయమిస్తుంది.

శక్తి 300 నుంచి 400 హార్స్‌పవర్ మధ్య ఉంటే చాలు. వెయ్యి హార్స్‌పవర్ కారుతో పొగ బాగా వస్తుంది కానీ ట్రిగ్గర్ మీద ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా కారు తిరిగిపోతుంది, వేలికి ఏమీ పట్టుబడదు. టయోటా ఏఈ86కి ఎంత పేరున్నా మార్పులు చేయకుండా దాంతో మొదలుపెట్టకండి. దాని అసలు ఇంజిన్ శక్తి సుమారు 130 హార్స్‌పవరే. యాక్సిలరేటర్‌తో తోకను పట్టి ఉంచే సత్తా దానికి తక్కువ కాబట్టి మలుపులోకి వచ్చే వేగం, బరువు మార్పిడి (కారు బరువును ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఒరిగించడం) తోనే నెట్టుకురావాలి. అది గొప్ప విద్యే, కానీ మొదటి పాఠం కాదు.

అసెట్టో కోర్సాలో ఈ బెడద లేదు. బీఎండబ్ల్యూ ఎం3 ఈ30, ఈ92లకు గేమ్‌లోనే డ్రిఫ్ట్ రూపాలున్నాయి. సెటప్ జోలికి పోకుండా నేరుగా అభ్యాసంలోకి దిగొచ్చు.

సెటప్: నాలుగు మార్పులు చాలు

అన్నిటికన్నా ముఖ్యం డిఫరెన్షియల్, అంటే ఇంజిన్ శక్తిని రెండు వెనక చక్రాలకూ పంచే భాగం. మామూలు డిఫరెన్షియల్‌తో మలుపులో లోపలి వెనక చక్రం ఒక్కటే గిరగిరా తిరిగి, బయటి చక్రం పట్టుతో ఉండిపోతుంది, తోక జారదు. రెండు చక్రాలూ కలిసి తిరగాలి. ఫోర్జాలో రేస్ లేదా డ్రిఫ్ట్ డిఫరెన్షియల్ వేసి యాక్సిలరేషన్ 100, డిసిలరేషన్ 80 నుంచి 100 పెట్టండి. గ్రాన్ టురిస్మో 7లో పూర్తిగా మార్చుకోగల ఎల్ఎస్‌డీ (రెండు చక్రాలనూ కలిపి తిప్పే డిఫరెన్షియల్) కొని యాక్సిలరేషన్ సెన్సిటివిటీని గరిష్ఠమైన 60కి తీసుకెళ్లండి.

రెండోది స్టీరింగ్ కోణం. మామూలు కారులో ముందు చక్రాలు తిరిగే కోణం పెద్ద డ్రిఫ్ట్‌కు చాలదు. స్టీరింగ్ చివరి దాకా తిప్పేశాక తోక ఇంకా జారితే ఆపే దారి ఉండదు. ఫోర్జాలో డ్రిఫ్ట్ సస్పెన్షన్ వేస్తే ఈ కోణం పెరుగుతుంది. దాంతోపాటు క్యాస్టర్‌ను (పక్క నుంచి చూస్తే ముందు చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) పైకి, అంటే 7.0కి దగ్గరగా పెట్టండి. క్యాస్టర్ ఎక్కువున్నప్పుడు కారు జారగానే ముందు చక్రాలు తమంతట తాము వెళ్లే దిక్కుకు తిరగాలని చూస్తాయి.

మూడోది క్యాంబర్, అంటే ముందు నుంచి చూస్తే చక్రం పక్కకు వాలిన కోణం. మైనస్ అంటే పైభాగం లోపలికి వాలినట్టు. ముందు మైనస్ 3 నుంచి మైనస్ 5, వెనక సున్నా నుంచి మైనస్ 1. వెనక టైరు రోడ్డుకు పూర్తిగా ఆని ఉంటేనే పొగ లేపుతూ కూడా కారును ముందుకు తోస్తుంది.

నాలుగోది టైర్లు. రేసింగ్ స్లిక్‌లు (గాళ్లు లేని, పట్టు ఎక్కువున్న నున్నటి టైర్లు) వద్దు. ఫోర్జాలో స్టాక్, స్ట్రీట్ లేదా డ్రిఫ్ట్ రకం, గ్రాన్ టురిస్మోలో కంఫర్ట్ హార్డ్. జారడం, తిరిగి పట్టు దొరకడం రెండూ మెత్తగా జరుగుతాయి.

స్ప్రింగులు, యాంటీ రోల్ బార్లు, బ్రేక్ బ్యాలెన్స్ లాంటివి తర్వాత చూసుకోవచ్చు. కింద చెప్పే వలయం ఇంకా నిలకడగా రాకముందే సెటప్ మారుస్తూ కూర్చుంటే తప్పు కారుదో చేతిదో ఎప్పటికీ తేలదు. ఒక్క గేరు నిష్పత్తి మాత్రం చూసుకోండి. మీరు సాధన చేసే మలుపు వేగానికి మూడో గేరులో ఇంజిన్ ఎరుపు గీతకు (మీటరులో ఇంజిన్ వేగానికి హద్దు చూపే గుర్తు) కాస్త కింద తిరుగుతుండాలి. తిరగకపోతే ఫైనల్ డ్రైవ్ (అన్ని గేర్లనూ కలిపి మార్చే నిష్పత్తి) మార్చండి.

కంట్రోలర్, వీల్, ఫోన్

కంట్రోలర్ స్టిక్ లోపలి డెడ్‌జోన్ (కదిపినా గేమ్ పట్టించుకోని భాగం) తగ్గించండి. వేలు పెట్టకుండానే కారు ఒక పక్కకు లాగుతుంటే మాత్రం 5 నుంచి 10 దాకా పెంచాలి. ట్రిగ్గర్ డెడ్‌జోన్ లోపల 0, బయట 100. చూపుడువేలు మొదటి కణుపు ట్రిగ్గర్ మీద ఆనేలా పట్టుకోండి, వేలి కొసతో పట్టుకుంటే సగం నొక్కి నిలపడం కష్టం. సగం, మూడొంతులు, పూర్తి అన్న మూడు స్థాయుల్లో కళ్లు మూసుకుని నొక్కగలిగితే సగం పని అయినట్టే. ఆ స్థాయులు సరిగ్గా వస్తున్నాయో లేదో ఫోర్జా టెలిమెట్రీ తెరలోనో (కారు కొలతలు చూపే తెర), అసెట్టో కోర్సాలోని పెడల్ సూచిక మీదో కనబడుతుంది.

స్టీరింగ్ వీల్ ఉన్నవాళ్లు నేర్చుకోవాల్సింది వేరు: వీల్‌ను వదలడం. తోక జారగానే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ (వీల్‌లోని మోటారు ఇచ్చే లాగుడు) వీల్‌ను కౌంటర్ స్టీర్ వైపు దానంతటదే లాగుతుంది. గట్టిగా పట్టుకుంటే దాన్ని అడ్డుకున్నట్టే. వేళ్లు వదులు చేసి అరచేతుల మధ్య వీల్ జారనివ్వండి, కారు మీకు కావలసిన కోణానికి రాగానే పట్టుకోండి. 900 డిగ్రీలు తిరిగే వీల్ నెమ్మదిగా అనిపిస్తే 540 నుంచి 720 మధ్యకు తగ్గించండి. ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ మరీ ఎక్కువైతే వీల్ అటూ ఇటూ కొట్టుకుంటుంది, మరీ తక్కువైతే సమయానికి తిరగదు.

ఫోన్‌లో కార్‌ఎక్స్ డ్రిఫ్ట్ రేసింగ్ 2 లాంటివి ఆడేవాళ్లు యాక్సిలరేటర్‌కు స్లైడర్ ఎంపిక ఉంటే అదే పెట్టుకోండి. బటన్ అయితే సున్నా లేదా వంద, మధ్యలో ఏమీ ఉండదు. అప్పుడు బటన్‌ను టకటకా కొడుతూ సగటు తేవాలి. కీబోర్డుకూ ఇదే మాట.

మొదటి మెట్టు: వలయం

విశాలమైన ఖాళీ చదును వెతుక్కోండి. ఫోర్జా హొరైజన్‌లో ఎయిర్‌స్ట్రిప్, అసెట్టో కోర్సాలో డ్రిఫ్ట్ ట్రాక్. రెండో గేరు.

1. 30, 40 కిలోమీటర్ల వేగంలో స్టీరింగ్ ఒక పక్కకు తిప్పి, హ్యాండ్‌బ్రేక్ ఒక్క క్షణం లాగి వదలండి.
2. తోక కదిలిన వెంటనే యాక్సిలరేటర్ మూడొంతులు. హ్యాండ్‌బ్రేక్ వదిలాక నొక్కడానికి ఆలోచించే వ్యవధి ఇస్తే చక్రాలు మళ్లీ పట్టు పుంజుకుంటాయి.
3. స్టీరింగ్‌ను మధ్యకు తెచ్చి, మధ్య దాటించి, కొంచెం ఎదురు దిక్కుకు తీసుకెళ్లండి.
4. ఇక స్టీరింగ్ కదపకుండా యాక్సిలరేటర్‌తోనే వలయాన్ని పెద్దదీ చిన్నదీ చేయండి.

నాలుగో అంకె దగ్గరే అసలు చదువుంది. తోక ఎక్కువ జారుతోందనిపిస్తే పదో వంతు తగ్గించండి, అంతే. పూర్తిగా వదలొద్దు. శబ్దం వినండి: ఇంజిన్ మోత ఒకే స్థాయిలో నిలిచి ఉంటే వలయమూ నిలకడగా ఉంటుంది, మోత ఎగిరెగిరి పడుతుంటే కారూ ఊగుతుంది. ఎడమకు పది వలయాలు తెగకుండా, కుడికి పది వలయాలు తెగకుండా వచ్చేదాకా రోడ్డెక్కకండి. దాదాపు అందరికీ ఒక పక్క తేలిగ్గా, రెండో పక్క మొండిగా ఉంటుంది. మొండి పక్కకే ఎక్కువ సమయం ఇవ్వండి.

రెండో మెట్టు: ఎనిమిది అంకె

రెండు గుర్తులు, వాటి మధ్య సుమారు 40 మీటర్ల దూరం. ఒకదాని చుట్టూ ఎడమకు, రెండోదాని చుట్టూ కుడికి. మధ్యలో దిక్కు మారే చోటే డ్రిఫ్టింగ్‌లో అన్నిటికన్నా కష్టమైన క్షణం ఉంది.

వలయం నుంచి బయటికొస్తూ యాక్సిలరేటర్‌ను వేగంగా, కానీ కుదుపు లేకుండా వదలండి. వెనక టైర్లకు పట్టు రాగానే తోక రెండో పక్కకు ఊగడం మొదలవుతుంది. ఇప్పుడు చాలామంది కారు నిటారయ్యేదాకా ఆగి అప్పుడు స్టీరింగ్ తిప్పుతారు. అది ఆలస్యం. కారు నిటారయ్యే సమయానికే ముందు చక్రాలు మధ్య దాటి కొత్త దిక్కుకు ప్రయాణం మొదలుపెట్టి ఉండాలి. తోక కొత్త పక్కకు పడగానే యాక్సిలరేటర్ మళ్లీ మూడొంతులు. ఇది ముందే వేస్తే ఊపు పూర్తవ్వదు, ఆలస్యంగా వేస్తే కారు నిటారుగా పోతుంది లేదా మరీ తిరిగిపోతుంది.

ఈ ఒక్క మెట్టు మీద వారాలు గడిచినా తొందరపడకండి. వరుస మలుపులు అంటే ఇదే, కాకపోతే పక్కన గోడ ఉంటుంది.

మూడో మెట్టు: ఒకే ఒక్క మలుపు

మూడో గేరులో 80 నుంచి 100 కిలోమీటర్ల వేగంతో తిరగగల, పొడవైన, ఒకే వంపు ఉన్న మలుపు ఎంచుకోండి. హెయిర్‌పిన్ (దాదాపు వెనక్కి తిరిగే బిగుతు మలుపు) వద్దు, వేగం పడిపోయి కారు ఆగిపోతుంది. మలుపులోకి కారును జార్చే పద్ధతులు చాలానే ఉన్నా మొదటి రెండూ వచ్చాకే మూడోది ముట్టుకోండి.

హ్యాండ్‌బ్రేక్: మలుపులోకి కాస్త తిప్పి, బరువు ముందుకు పడేలా యాక్సిలరేటర్ వదిలి, హ్యాండ్‌బ్రేక్ అర సెకను. క్లచ్ ఉన్నవాళ్లు అదే సమయంలో క్లచ్ నొక్కి ఉంచాలి, లేకపోతే ఆగిన వెనక చక్రాలతోపాటు ఇంజిన్ వేగమూ పడిపోతుంది. హ్యాండ్‌బ్రేక్ కోణం తెస్తుంది కానీ వేగం తినేస్తుంది. అందుకే దాన్ని ఎక్కువసేపు లాగి ఉంచేవాళ్లు మలుపు మధ్యలో ఆగిపోతారు.

క్లచ్ తన్నడం: యాక్సిలరేటర్ నొక్కి ఉంచే క్లచ్‌ను క్షణంలో నొక్కి వదలడం. ఆ క్షణంలో ఇంజిన్ వేగం పైకి లేస్తుంది, క్లచ్ కలవగానే ఆ దెబ్బంతా వెనక చక్రాలకు తగిలి పట్టు తెగుతుంది. డ్రిఫ్ట్ మధ్యలో చక్రాల వేగం చచ్చిపోతున్నప్పుడు బతికించేది కూడా ఇదే.

ఫెయింట్: మలుపు ఎడమకైతే ముందు కొంచెం కుడికి తిప్పి, యాక్సిలరేటర్ వదిలి, వెంటనే ఎడమకు. కారు బరువు ఒక పక్కకు ఒరిగి తిరిగొచ్చే ఊపుతో తోక జారుతుంది. వేగం పోదు, గీత (కారు వెళ్లే దారి) అందంగా వస్తుంది. ఎనిమిది అంకె బాగా వచ్చినవాళ్లకు ఇది వెంటనే పట్టుబడుతుంది, ఎందుకంటే చేసే పని అదే. 1970లలో జపాన్ రేసర్ కునిమిత్సు తకహాషి రేసు ట్రాక్ మీద, తర్వాత మరో రేసర్ కేయిచి త్సుచియా జపాన్ కొండ రోడ్ల మీద పేరు తెచ్చుకున్న జారుడు విద్యలో కూడా ప్రాణం బరువు మార్పిడే.

కారు జారాక ఎడమ కాలితో కొద్దిగా బ్రేకు వేయడం ఎప్పటికైనా నేర్చుకోవాల్సిందే. యాక్సిలరేటర్ వదలకుండా వేగం తగ్గించే మంచి దారి అది, ముందున్న కారుకు మరీ దగ్గరగా పోతున్నప్పుడు అక్కరకొస్తుంది.

ఏది చెడింది, ఎందుకు

మలుపు మొదట్లోనే కారు ముక్కు బయటికి పోతోందా? వేగం ఎక్కువ, లేదా బరువు ముందు చక్రాల మీదకు రాకముందే స్టీరింగ్ తిప్పారు. యాక్సిలరేటర్ వదిలి, అర క్షణం ఆగి తిప్పండి.

తోక జారి, ఆగకుండా తిరిగిపోతోందా? ఇక్కడ రెండు కారణాలను విడదీసి చూడాలి. రీప్లేలో ముందు చక్రాలు గమనించండి. అవి చివరిదాకా తిరిగి ఉంటే మీ చేతుల తప్పు లేదు, యాక్సిలరేటర్ ఎక్కువైంది లేదా స్టీరింగ్ కోణం చాలలేదు. అవి సగంలోనే ఉంటే కౌంటర్ స్టీర్ ఆలస్యమైంది.

డ్రిఫ్ట్ బాగానే సాగి, చివర్లో ఎదురు పక్కకు విసిరికొడుతోందా? యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలారు, స్టీరింగ్ ఇంకా కౌంటర్ స్టీర్‌లోనే ఉంది. బయటికొచ్చేటప్పుడు రెండూ కలిసి తగ్గాలి: యాక్సిలరేటర్ ఎంత సడలితే స్టీరింగ్ అంత మధ్యకు.

మలుపు మధ్యలో ఇంజిన్ మోత తగ్గి కారు నిటారైపోతోందా? గేరు ఎక్కువైంది. ఎరుపు గీత దగ్గర కొట్టుకుంటూ కోణం పెరగకుండా ఉందా? గేరు తక్కువైంది.

మొదటి రెండు ల్యాప్‌లు బాగా వచ్చి తర్వాత కారు సబ్బు మీద పోతున్నట్టుందా? టైరు వేడిని లెక్కించే గేమ్‌లలో వెనక టైర్లు కాగిపోయాయన్నమాట. మీ పద్ధతి మార్చకండి, ఒక ల్యాప్ నెమ్మదిగా తిరిగి చల్లారనివ్వండి.

మలుపులు కలపడం, జంటగా నడపడం

ఒక మలుపు పదిసార్లలో ఎనిమిదిసార్లు వస్తుంటే దాని తర్వాతిది కలపండి. రెండో మలుపుకు సరైన చోటు నుంచి రావాలంటే మొదటి మలుపు ఎక్కడ ముగించాలో ముందే తెలియాలి, కాబట్టి వెనక నుంచి లెక్కించుకోండి. రెండో మలుపు ప్రవేశం బయటి అంచున ఉంటే, మొదటి మలుపు చివర యాక్సిలరేటర్ పెంచి కారును అక్కడికి తోయాలి. రెండు మలుపుల మధ్య నేరు దారి పొడవుగా ఉంటే తోకను ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊపుతూ డ్రిఫ్ట్ తెగకుండా తీసుకెళ్లొచ్చు.

నిజమైన పోటీల్లో, ఉదాహరణకు ఫార్ములా డ్రిఫ్ట్ అనే అమెరికా పోటీ పరంపరలో, న్యాయనిర్ణేతలు చూసేది గీత, కోణం, శైలి. గేమ్‌లలో పాయింట్ల లెక్క ఎక్కువగా కోణానికీ, వేగానికీ, తెగకుండా సాగిన వ్యవధికీ పడుతుంది. ఫోర్జా డ్రిఫ్ట్ జోన్‌లలో (డ్రిఫ్ట్‌కు పాయింట్లు లెక్కించే రోడ్డు ముక్కలు) మూడు నక్షత్రాలు రావాలంటే మరీ పెద్ద కోణం కన్నా వేగం తగ్గని మధ్యస్థ కోణమే మేలు. జోన్ మొదలయ్యే గుర్తుకు ముందే జారడం మొదలుపెట్టండి. గుర్తు దాటాక మొదలుపెట్టేవాళ్లు తొలి మలుపు పాయింట్లు కొన్ని పోగొట్టుకుంటారు.

ఆన్‌లైన్‌లో ఇంకొకరి వెనక జంటగా నడిపేటప్పుడు ముందు కారు వెనక బంపర్‌ను చూడకండి, దాని ముందు చక్రాలను చూడండి. అవి దిక్కు మారడం మొదలైన క్షణమే మీరూ యాక్సిలరేటర్ వదలాలి. తోక ఊగడం కనబడేదాకా ఆగితే గుద్దేస్తారు. మొదట్లో రెండు కారు పొడవుల ఎడం ఉంచి, ముందువాళ్లు ఒకే గీతలో ఒకే వేగంతో పోయేవాళ్లయితేనే దగ్గరకు జరగండి.